ఆపరేషన్ డేట్ ఇచ్చారా? ఇంట్లో పని ఈ రోజే మొదలుపెట్టండి

నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి పీఏసీ ఓపీలో సిస్టర్‌ని. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ పేషెంట్‌ని చూసి ఫిట్‌నెస్ ఇచ్చేది ఇక్కడే. బీపీ చూడటం, రిపోర్టులు వరసగా పెట్టడం, వేసుకునే మందులు రాసుకోవడం, డాక్టర్ చెప్పింది ఇంట్లోవాళ్ళకి మళ్ళీ అర్థమయ్యేలా చెప్పడం నా పని.

డేట్ వచ్చాక ఇంట్లో డబ్బు గురించి మాట్లాడుకుంటారు, ఎవరు సెలవు పెట్టాలో, రాత్రి ఎవరుండాలో మాట్లాడుకుంటారు. పేషెంట్ ఒంటిని సిద్ధం చేయడం మాత్రం ఆసుపత్రి పని అని వదిలేస్తారు. అందులో పెద్ద భాగం జరగాల్సింది ఇంట్లోనే. ఓటీ (ఆపరేషన్ థియేటర్) తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్ళేవాళ్ళను చూస్తూనే ఉంటాను. గుండె పరిస్థితి బాగాలేక వాయిదా వేస్తే సరే అనుకోవచ్చు. పొద్దున తాగిన కప్పు చాయ్ వల్ల, ఆపాల్సిన గోలీ ఆపకపోవడం వల్ల, ఎవరికీ చెప్పని కల్లు అలవాటు వల్ల వెనక్కి వెళ్తుంటే మనసుకి చాలా కష్టంగా ఉంటుంది. ఆ మనిషి నారాయణఖేడ్ నుంచో, అచ్చంపేట నుంచో అప్పు చేసి వచ్చి ఉంటాడు. మళ్ళీ డేట్ దొరకాలి. కొడుకు మళ్ళీ కూలి పోగొట్టుకోవాలి.

నేను రాసేది ముందే అనుకుని చేయించుకునే ఆపరేషన్ల గురించి. పిత్తాశయంలో రాళ్ళు, హెర్నియా, గర్భసంచి, మోకాలి మార్పిడి, థైరాయిడ్ గడ్డ, ఇలాంటివి. ఎమర్జెన్సీకి ఈ లెక్కలు కుదరవు. మీ డాక్టర్ మీకు వేరేలా చెప్పి ఉంటే ఆ మాటే వినండి. మీ రిపోర్టులు ఆయన చూశారు, నేను చూడలేదు.

మందుల సంచి

డేట్ వచ్చిన రోజే ఇంట్లో పేషెంట్ వాడే మందులన్నీ ఒక కవర్లో వేయండి. కాగితం మీద రాసుకురావద్దు, స్ట్రిప్పులే తీసుకురండి. "పొద్దున తెల్ల గోలీ, రాత్రి గులాబీ గోలీ" అంటే మాకేమీ తెలియదు. కత్తిరించి పేరు పోయిన స్ట్రిప్పు అయితే మందుల షాపులో పాత బిల్లు అడిగి తెండి.

మందుగా లెక్కవేయనివి కూడా ఆ కవర్లో వేయాలి. ఆయుర్వేదం పొడి, హోమియో గోలీలు, అశ్వగంధ, వెల్లుల్లి క్యాప్సూల్స్, నిద్రమాత్రలు, జిమ్‌లో ఇచ్చిన డబ్బా, అన్నీ. వెల్లుల్లి, జింకో లాంటి వాటితో రక్తస్రావం పెరగవచ్చు, అశ్వగంధతో మత్తు ఎక్కువ కావచ్చు. అందుకే వీటిని ఒకటి రెండు వారాల ముందే ఆపమంటారు. నేను అన్నిటికంటే గట్టిగా అడిగేది మోకాళ్ళ నొప్పులకి ఊర్లో ఇచ్చే పొట్లం మందుల గురించి. "రెండు రోజుల్లో నొప్పి మాయం" అనిపించే ఆ మందుల్లో స్టెరాయిడ్లు ఉండే అవకాశం ఎక్కువ. నెలల తరబడి స్టెరాయిడ్ వాడిన ఒంట్లో సొంతంగా ఆ హార్మోన్ తయారు కావడం తగ్గిపోతుంది. ఆపరేషన్ మధ్యలో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ ఒక ఇంజెక్షన్‌తో దాన్ని కాచుకుంటారు. తెలియకపోతే బీపీ ఎందుకు పడిందో అక్కడ వెతుక్కోవాలి.

ఇక రక్తం పలచబడే గోలీలు. స్టెంట్ వేసినవాళ్ళు, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళు, గుండె వాల్వ్ మార్చినవాళ్ళు ఇవి వాడుతుంటారు. వీటి విషయంలో రెండు రకాల ప్రమాదాలు చూస్తాను. ఒకరు ఆపమన్నా ఆపరు. ఇంకొకరు పక్కింటి వాళ్ళు చెప్పారని డాక్టర్‌ని అడగకుండా అన్నీ ఆపేస్తారు. రెండోదే ఎక్కువ భయం నాకు. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయినవాళ్ళు ఆ గోలీ ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. క్లోపిడోగ్రెల్‌ని మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు. వార్ఫరిన్‌ని 5 రోజుల ముందు ఆపించి, ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చూసి ముందుకెళ్తారు. చాలామందికి ఆస్పిరిన్ ఆపరు. కొందరికి గోలీ ఆపినన్ని రోజులు రక్తం గడ్డకట్టకుండా పొట్టకి ఇంజెక్షన్ ఇస్తారు. కాబట్టి ఏ గోలీ, ఏ తారీఖు నుంచి ఆపాలో గుండె డాక్టర్ దగ్గర, సర్జన్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటగా విన్నది ఇంటికి వెళ్ళేసరికి మారిపోతుంది. వెన్నుకి మత్తు ఇచ్చే ఆపరేషన్ అయితే ఇది మరీ ముఖ్యం. రక్తం పలచగా ఉన్నప్పుడు సూది గుచ్చితే వెన్నుపాము దగ్గర రక్తం చేరి కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది.

షుగర్ వాళ్ళకి రెండు మాటలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే గోలీలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వీటిని 3 రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగర్ మామూలుగా చూపిస్తున్నా లోపల ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. చాలా స్ట్రిప్పుల మీద ఇవి మెట్‌ఫార్మిన్‌తో కలిపి వేరే బ్రాండ్ పేరుతో ఉంటాయి. అందుకే స్ట్రిప్పు చూపించమనేది. బరువు తగ్గడానికో షుగర్‌కో వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్లు (సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్) వాడుతుంటే డేట్ పెట్టేటప్పుడే చెప్పండి. వాటివల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. ఎన్ని గంటలు పరగడుపున ఉన్నా లోపల అన్నం మిగిలే ఉండవచ్చు. ఆపరేషన్ రోజు పొద్దున మామూలు షుగర్ గోలీలు వేయరు. ఇన్సులిన్ ఎంత తగ్గించాలో డాక్టర్ చెబుతారు, సొంతంగా పూర్తిగా ఆపవద్దు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8 దాటి ఉంటే ఆపరేషన్‌ని కొన్ని వారాలు ఆపి షుగర్ దారికి తెమ్మని చాలామంది డాక్టర్లు అంటారు. దానికి బాధపడవద్దు. షుగర్ ఎక్కువగా ఉంటే కుట్లు మానవు, చీము పడుతుంది.

బీపీ గోలీల్లో అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఆపకూడదు. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి ముందు రోజు నుంచి ఆపమనే అవకాశం ఉంది. థైరాయిడ్, ఫిట్స్ గోలీలు ఆ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోవాలి. ఉబ్బసం పంపు మానకూడదు, ఆసుపత్రికి చేతిలో పట్టుకుని రండి.

దాచకుండా చెప్పాల్సినవి

కల్లు గురించి అడిగితే చాలామంది ముఖం తిప్పేసుకుంటారు. ఆడవాళ్ళు అత్తగారి ముందు, కోడలి ముందు అసలే చెప్పరు. అందుకే నేను ఇంట్లోవాళ్ళని కాసేపు బయట కూర్చోమని విడిగా అడుగుతాను. "పెద్దమ్మా, నిన్ను తప్పు పట్టడానికి కాదు, మత్తు సరిగ్గా ఇయ్యడానికి అడుగుతున్న" అంటే అప్పుడు మెల్లగా "రోజూ ఓ సీస తాగుత బిడ్డా" అంటారు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, కల్లు కాంపౌండ్లలో దొరికే కల్లులో అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర, మత్తు మందులు కలిపి అమ్మడం మన నగరంలో పాత సంగతే. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు కూడా. ఏళ్ళ తరబడి ఆ కల్లు తాగిన మనిషిని వార్డులో చేర్చాక అది ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో వణుకు, నిద్ర పట్టకపోవడం, ఏదేదో మాట్లాడటం, సెలైన్ గొట్టాలు పీకేసుకోవడం, కొందరికి ఫిట్స్. ఇంట్లోవాళ్ళు మత్తు ఎక్కువై పిచ్చి పట్టిందని ఏడుస్తారు. కారణం కల్లు ఆగిపోవడం. రోజూ బ్రాందీ, విస్కీ తాగేవాళ్ళకీ ఇంతే. ముందే చెబితే దానికి మందులు ఉన్నాయి, వార్డులో ఒక కన్ను వేసి ఉంచుతాం. తాగుడు ఒక్క రోజులో మానిపించి తీసుకురావద్దు. డేట్‌కి వారాల ముందే డాక్టర్ సలహాతో తగ్గించుకుంటూ రావాలి.

గుట్కా, జర్దా నమిలేవాళ్ళు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. నోరు తెరిచి మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పడుతున్నాయా చూడండి. పట్టకపోతే ఫిట్‌నెస్‌కి వచ్చినప్పుడు మొదటి మాటగా అదే చెప్పండి. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు నోట్లోంచి శ్వాసగొట్టం వేయాలి. వక్క, గుట్కా వల్ల బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోకపోతే ఆ గొట్టం వెళ్ళదు. ముందే తెలిస్తే సన్నని కెమెరా గొట్టం సిద్ధం చేసుకుంటారు. ఊగే పళ్ళుంటే అవి కూడా చెప్పండి, ఊడి గొంతులోకి జారే ప్రమాదం ఉంది.

సిగరెట్, బీడీ 4 వారాల ముందు మానితే ఊపిరితిత్తులకి, కుట్లు మానడానికి చాలా మంచిది. అంత సమయం లేదనుకుంటే ఇప్పుడే మానండి. ఒక్క రోజు మానినా రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్ తగ్గి ఆక్సిజన్ బాగా అందుతుంది.

ఇంతకుముందు మీకు కానీ, రక్తసంబంధీకులకి కానీ మత్తు ఇచ్చినప్పుడు ఏదైనా ఇబ్బంది వచ్చి ఉంటే అది కూడా చెప్పాలి. మేనమామ ఆపరేషన్ టేబుల్ మీద విపరీతమైన జ్వరంతో చనిపోయాడన్న మాట మీకు ఇంటి ముచ్చటే కావచ్చు. మత్తు డాక్టర్‌కి మాత్రం ఏ మత్తుమందు వాడకూడదో చెప్పే మాట అది.

రక్తం, జ్వరం, ఊపిరి

గర్భసంచి ఆపరేషన్‌కి వచ్చే ఆడవాళ్ళలో నెలనెలా ఎక్కువ రక్తం పోయి హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఉండేవాళ్ళు మాకు కొత్త కాదు. ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 13 కంటే తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ గోలీ పని చేయడానికి వారాలు పడుతుంది కాబట్టి డేట్‌కి నాలుగు రోజుల ముందు మొదలుపెడితే లాభం లేదు. గోలీని చాయ్‌తో వేసుకోవద్దు, చాయ్ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. సమయం తక్కువుంటే ఐరన్ సెలైన్‌లో ఎక్కించవచ్చా అని అడగండి.

రక్తం ఏర్పాటు చేయమంటే చివరి రోజు దాకా ఆగవద్దు. ఇచ్చేవాళ్ళకి 18 నుంచి 65 ఏళ్ళ వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. మగవాళ్ళు ఇచ్చి 3 నెలలు, ఆడవాళ్ళు ఇచ్చి 4 నెలలు దాటి ఉండాలి. పరగడుపున రావద్దు, తినే రావాలి. ఊర్నుంచి వ్యాన్ నిండా వచ్చి, పొద్దుట్నుంచి ఏమీ తినలేదని వెనక్కి పంపబడ్డవాళ్ళు ఎందరో.

వానాకాలంలో మన దగ్గర డెంగీ జ్వరాలు ఎక్కువ. డేట్‌కి ముందు వారంలో జ్వరం, దగ్గు, గొంతునొప్పి, విరేచనాలు, మూత్రంలో మంట, ఆపరేషన్ చేసే చోట పుండో కురుపో, ఏది వచ్చినా ఆసుపత్రికి ఫోన్ చేయండి. పారాసిటమాల్ వేసి జ్వరం కనిపించకుండా తీసుకొచ్చేవాళ్ళున్నారు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్న మనిషికి కత్తి పెడితే రక్తం ఆగదు.

మూడు బాల్స్ ఉన్న ప్లాస్టిక్ యంత్రం, స్పైరోమీటర్, ఆపరేషన్ తర్వాత ఇస్తారని అందరూ అనుకుంటారు. ముందే కొనుక్కుని ఇంట్లో అలవాటు చేసుకోండి. చాలామంది దాన్ని ఊదుతారు. ఊదకూడదు, స్ట్రాతో కొబ్బరిబోండం తాగినట్టు నిదానంగా లోపలికి పీల్చాలి. బాల్స్ పైకి లేచాక రెండు మూడు సెకన్లు ఊపిరి బిగబట్టి వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి ఓ పదిసార్లు. కడుపు మీద కుట్లుంటే నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయరు, దగ్గరు. కఫం చేరి న్యుమోనియా వస్తుంది. కడుపుకి దిండు ఆనించి పట్టుకుని దగ్గడం, పక్కకి తిరిగి మోచేతి మీద బరువు వేసి మంచం మీద నుంచి లేవడం కూడా ముందే నాలుగుసార్లు చేసి చూడండి. నొప్పిలో కొత్త పని నేర్చుకోవడం చాలా కష్టం.

రోజూ అరగంట నడవగలిగితే నడవండి. గుడ్డు, పప్పు, పెరుగు, చికెన్, ఏది తినే అలవాటుంటే అది బాగా పెట్టండి. ఆపరేషన్ ఉందని పేషెంట్‌ని వారం ముందు నుంచే గంజి మీద ఉంచడం మంచిది కాదు.

ఇల్లు, కాగితాలు, తారీఖు

ఆరోగ్యశ్రీలో చేయించుకుంటుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి ఆహారభద్రత కార్డు, ఆధార్‌తో ముందే వెళ్ళండి. కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి 2023 డిసెంబర్ నుంచి అమలులో ఉంది. కానీ అప్రూవల్ రావాలి, దానికి ఫొటోలు, రిపోర్టులు పంపాలి. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు ఉంటే అక్కడే ఆగిపోతుంది. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు కూడా అప్రూవల్‌కి ముందే పెట్టుకోవాలి. పాత డిశ్చార్జి కాగితాలు, ఈసీజీ, ఎకో, స్కాన్ ఫిల్ములు తారీఖుల వరసలో ఒకే ఫైల్లో పెట్టండి. ఫోన్‌లో ఫొటోలుంటే చాలదు. సరిగ్గా అవసరమైనప్పుడే ఫోన్ తీసుకుని కొడుకు కిందికి వెళ్ళి ఉంటాడు.

తారీఖు విషయంలో ముహూర్తం చూసుకుంటామంటే నేను కాదనను, మనసుకి ధైర్యమిస్తే మంచిదే. డాక్టర్ ఆలస్యం చేయవద్దన్న క్యాన్సర్ గడ్డని మాత్రం మంచిరోజు కోసం ఆపవద్దు. ఇంకో సంగతి కూడా చూసుకోండి. వినాయక నిమజ్జనం రోజు, బోనాల ఆదివారాలు దారులు మళ్ళిస్తారు. ఉప్పల్ నుంచి అఫ్జల్‌గంజ్ రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అయ్యప్ప మాలలో ఉన్నవాళ్ళు, రోజాలో ఉన్నవాళ్ళు డేట్ పెట్టేటప్పుడే చెబితే అటో ఇటో జరుపుతారు. గాంధీకి, నిమ్స్‌కి మెట్రో దగ్గరే కానీ మొదటి రైలు 6 గంటలకి. 6కల్లా రమ్మంటే వేరే ఏర్పాటు కావాలి. తిరిగి వెళ్ళేటప్పుడు బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళవద్దు.

మోకాలు, తుంటి ఆపరేషన్ అయితే ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, లిఫ్ట్ ఉందా చూసుకోండి. లేకపోతే కమోడ్ కుర్చీ, వాకర్ సర్జికల్ షాపుల్లో అద్దెకి కూడా దొరుకుతాయి. కింద పరుపు వేసుకుని పడుకునే అలవాటున్న పెద్దవాళ్ళకి ముందే మంచం వేయండి.

పేషెంట్‌కి నిజం చెప్పండి

"అమ్మకి రాళ్ళు అని చెప్పినం సిస్టర్, గడ్డ అని అనకండి." ఈ మాట ఓపీలో తరచూ వింటాను. ప్రేమతోనే చెబుతారు, నాకు తెలుసు. కానీ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ అమ్మే. ఏ భాగం తీసేస్తున్నారో తెలియకుండా పెట్టిన సంతకానికి విలువ లేదు. కళ్ళు తెరిచేసరికి రొమ్ము లేదని, కడుపు మీద సంచి వేలాడుతోందని తెలిస్తే ఆ మనిషి ఇక ఎవర్నీ నమ్మదు, ఫిజియోథెరపీకి లేవమన్నా లేవదు. ఎలా చెప్పాలో తెలియకపోతే మమ్మల్ని అడగండి, డాక్టర్‌తో కలిసి కూర్చుని మెల్లగా చెబుతాం. చాలామంది పెద్దవాళ్ళకి అప్పటికే అనుమానం ఉంటుంది. చెప్పాక ఏడుస్తారు. కాసేపయ్యాక ఎన్ని రోజులుండాలి, మనవడి పెళ్ళికి వెళ్ళగలనా అని అడుగుతారు. ఆ ప్రశ్నలు అడిగిన పేషెంట్ ఆపరేషన్ తర్వాత మాతో సహకరిస్తుంది.

కత్తి కంటే మత్తుకే ఎక్కువ భయపడతారు. "మళ్ళీ లేస్తనా బిడ్డా" అని చేయి పట్టుకుని అడుగుతారు. నేను వాళ్ళకి మన ఊరి సంగతి చెబుతాను. మత్తుమందుగా క్లోరోఫామ్ ఎక్కువగా వాడే రోజుల్లో, 1888లో, 1889లో, ఇదే హైదరాబాద్‌లో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో దాని మీద పరీక్షలు జరిగాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు. మత్తులో ఉన్న మనిషి నాడి కంటే శ్వాసని గమనించాలని ఆయన వాదించారు. క్లోరోఫామ్ గుండెనీ నేరుగా ఆపగలదని తర్వాత తేలింది, కానీ శ్వాస మీద కన్ను తీయకూడదన్న మాట నిలిచింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్‌గా పేరు చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్జీ కూడా ఆ కాలంలో ఈ ఊర్లోనే పనిచేశారు. ఇప్పుడు శ్వాసని, గుండెని, ఆక్సిజన్‌ని, బీపీని క్షణక్షణం చూపించే మానిటర్లున్నాయి. మత్తు డాక్టర్ ఆపరేషన్ అయ్యేదాకా పేషెంట్ తల దగ్గరే ఉంటారు. ఈ సంగతి చెప్పినప్పుడు చాలామంది చేతి పట్టు కొంచెం సడలుతుంది. టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే ఇంట్లో ఉన్న నిద్రమాత్ర వేయకుండా డాక్టర్‌ని అడగండి.

చిన్నపిల్లలకీ అబద్ధం చెప్పవద్దు. "ఐస్‌క్రీమ్ తినడానికి పోతున్నాం" అని తెచ్చిన పిల్లాడు ఓటీ దగ్గర చేసే గోల, వాడి భయం చూడలేం. నిద్ర వచ్చే మందు ఇస్తారు, లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది, కొంచెం నొప్పి ఉంటుంది, దానికి మందు ఇస్తారు అని చెప్పండి. ఇష్టమైన బొమ్మ తెచ్చుకోనివ్వండి. ముక్కు కారుతున్నా, దగ్గుతున్నా ముందే ఫోన్ చేయండి. జలుబున్న పిల్లలకి మత్తులో గొంతు బిగుసుకుపోవచ్చు.

ముందు రోజు

పుస్తెలతాడు, నల్లపూసలు, గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడు, తాయత్తు ఇంట్లోనే తీసి పెట్టండి. ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు, ఒంటిమీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలవచ్చు. వేళ్ళు వాస్తే ఉంగరం కోయాల్సి వస్తుంది. పుస్తెలు తీయడానికి ఎంత బాధపడతారో నాకు తెలుసు. ఇంట్లో దేవుడి ముందు తీసి, బదులుగా పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకుని వస్తారు చాలామంది. ఆపరేషన్ మెడ మీదో ఛాతీ మీదో కాకపోతే దాన్ని ఉంచనిస్తారేమో వార్డు సిస్టర్‌ని అడగండి. ఏళ్ళ నాటి ముక్కుపుడక మర బిగుసుకుని ఉంటే వారం ముందే కంసాలి దగ్గర తీయించండి. ఓటీ బయట సబ్బునీళ్ళతో లాగితే ముక్కు చిట్లుతుంది. బంగారం ఆసుపత్రికి తేవద్దు.

గోళ్ళ రంగు తీసేయండి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవాలనుంటే, నల్ల మెహందీ అసలే వద్దు, వేళ్ళ చివర్లు వదిలి అరచేతిలో పెట్టుకోండి. వేలికి పెట్టే క్లిప్పుతోనే ఆక్సిజన్ చూస్తారు, రంగు వల్ల అది తప్పు చూపించవచ్చు.

ముందు రాత్రి, ఆ రోజు పొద్దున సబ్బుతో బాగా స్నానం చేయించండి. బొడ్డు, చంకలు, గజ్జల్లో రుద్దాలి. తర్వాత నూనె, పౌడర్, క్రీమ్ వద్దు. జుట్టు రెండు జడలు వేసి రబ్బరు బ్యాండ్లు పెట్టండి, పిన్నులు వద్దు. ఆపరేషన్ చేసే చోట ఇంట్లో బ్లేడుతో గీయవద్దు. బ్లేడు వల్ల కంటికి కనపడని గాట్లు పడి ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా షేవింగ్ వద్దనే ఉంది. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

పరగడుపు

దీనికి కారణం చెబితేనే జనం పాటిస్తారు, అందుకే చెబుతున్నాను. మెలకువగా ఉన్నప్పుడు ఏదైనా పొరపాటున శ్వాసనాళంలోకి వెళ్తే పొలమారి దగ్గుతాం. మత్తులో ఆ దగ్గు ఉండదు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోవచ్చు.

ఇడ్లీ, బ్రెడ్ లాంటి తేలిక తిండి తిన్నాక 6 గంటలు, బిర్యానీ, పూరీ, మాంసం లాంటి నూనె తిండి తిన్నాక 8 గంటలు ఆగాలి. పాలు, పాలు పోసిన చాయ్, మజ్జిగ తిండి కిందే లెక్క, 6 గంటలు. తల్లిపాలు 4 గంటలు. డబ్బాపాలు 6 గంటలు. మంచినీళ్ళు, పాలు లేని చాయ్ 2 గంటల ముందు వరకు తాగవచ్చు. హైదరాబాద్‌లో గొడవంతా చాయ్‌తోనే. "ఒక్క బుక్క చాయ్, ఒక్క బిస్కెట్, అంతే సిస్టర్" అంటారు. ఆ ఒక్క బుక్కకీ 6 గంటలే. తాగి ఉంటే మాత్రం దయచేసి చెప్పండి. మేము తిట్టం, లిస్టులో వెనక్కి జరుపుతాం లేదా రేపు చేస్తాం. దాచితే మాత్రం ప్రమాదం. పిల్లాడు ఏడుస్తున్నాడని నానమ్మ కొంగుచాటున బిస్కెట్ పెట్టడం కూడా ఇలాంటిదే, పిల్లాడి చుట్టూ ఉన్న అందరికీ ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

అటువైపు ఇంకో ఇబ్బంది ఉంది. "రాత్రి నుంచి ఏమీ వద్దు" అన్నారని కొందరు సాయంత్రం నుంచే మంచినీళ్ళు కూడా మానేస్తారు. మధ్యాహ్నం ఓటీలోకి వెళ్ళే ముసలాయన అప్పటికి నీరసించి, నోరెండిపోయి, నరం దొరక్క నాలుగుచోట్ల పొడిపించుకుంటాడు. షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ పడిపోతుంది. అందుకే లిస్టులో మీ నంబర్ ఎంత, ఎన్ని గంటల దాకా అన్నం, ఎన్ని గంటల దాకా నీళ్ళు అని విడివిడిగా అడిగి రాసుకోండి. గర్భిణులకి, పేగు అడ్డుపడినవాళ్ళకి, కిడ్నీ జబ్బువాళ్ళకి లెక్క మారుతుంది.

ఆ రోజు పొద్దున కట్టుడు పళ్ళు, కాంటాక్ట్ లెన్సులు తీయాలి. వినికిడి యంత్రం మాత్రం ఓటీ దాకా ఉంచుకోనివ్వమని అడగండి, డాక్టర్ మాట వినపడకపోతే పెద్దవాళ్ళు ఇంకా భయపడతారు. ఏ వైపు ఆపరేషన్ అని అడిగినప్పుడు పేషెంటే చేత్తో చూపించాలి. కుడా ఎడమా అని నలుగురు నాలుగుసార్లు అడుగుతారు, విసుక్కోవద్దు, అది పద్ధతి ప్రకారమే.

పేషెంట్ లోపలికి వెళ్ళాక ఇంట్లోవాళ్ళలో నిర్ణయం తీసుకోగల ఒకరు ఓటీ బయటే కూర్చోవాలి. ఛార్జింగ్ ఉన్న ఫోన్, మందుల ఫైల్ ఆ మనిషి దగ్గరే ఉండాలి. టిఫిన్‌కి వెళ్ళాలంటే ఇంకొకరిని కూర్చోబెట్టి, వాళ్ళ నంబర్ ఓటీ సిస్టర్‌కి రాసిచ్చి వెళ్ళండి.